భీమయ్య తువ్వాల కింద మా ఇల్లు

ఆదివారం పొద్దున ఏడున్నరకు మా గుమ్మంలో శుభవార్త పడింది. పేపరాయన సైకిల్ మీదినుంచి విసిరితే, మనీష అప్పుడే వేసిన ముగ్గు మధ్యలో పడింది. ముగ్గు చెడిందని ఆమె నోరు తెరిచేలోపే నేను మొదటి పేజీ చూసి కేక పెట్టాను.

"మనీషా! ఇండ్ల ధరలు పడిపోతున్నయట!"

"ఏ ఊర్ల? మన భీమయ్య ఇల్లు గూడనా?"

"దేశమంతా పడుతుంటే భీమయ్య ఇల్లు ఒక్కటి గాల్ల నిలబడ్తదా?"

చేతిలోని ముగ్గుపిండి చేతిలోనే ఉంచుకుని ఆమె నా భుజం మీదుగా పేపరులోకి తొంగి చూసింది. ఎర్రటి బాణం ఒకటి పైనుంచి కిందికి జారుతున్న బొమ్మ వేశారు. నా చొక్కా మీద ఐదు వేళ్లూ తెల్లగా అచ్చుపడ్డాయి. ఆ చొక్కాను ఆ రోజంతా విప్పలేదు. పెళ్లయి నాలుగు నెలలే, మీరే అర్థం చేసుకోండి.

మేముండేది నల్లగొండలో, గదిన్నర కిరాయి పోర్షన్‌లో. ఆ సగం గది పేరు వంటిల్లు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా గోడకు అవతల ఓనరమ్మ ఉంటుంది. ఆమెకు మేం పెట్టిన పేరు సీసీ కెమెరా. మేం నవ్వితే చాలు, "ఏమైందమ్మా?" అని గోడ అవతలి నుంచి అడుగుతుంది. అప్పుడు ఆ జోకు మళ్లీ గట్టిగా చెప్పాలి. మావాటిలో కొన్ని గట్టిగా చెప్పదగ్గ జోకులు కావు.

అందుకే మాకొక ఇల్లు కావాలి. పానగల్లు దారిలో భీమయ్యది ఒకటి ఉంది. రెండు గదులు, తూర్పు కిటికీ ఉన్న వంటిల్లు, వాకిట్లో బత్తాయి చెట్టు. రోజూ సాయంత్రం స్కూటీ మీద అటు పోతాం. సరిగ్గా ఆ ఇంటి ముందు నా స్కూటీకి ఏదో ఒక రోగం వస్తుంది. నేను కింద కూర్చుని లేని రోగానికి వైద్యం చేస్తుంటే, మనీష కళ్లతోనే ఆ ఇల్లు సర్దేస్తుంది.

"ఆ గోడకు నీ పుస్తకాలు. ఆ మూలకు నీళ్ల కుండ. కిటికీల ఏం పెట్టొద్దు. కిటికీ కిటికీ లెక్కనే ఉండాలె."

మా పోర్షన్‌లో వంటింటికి కిటికీ లేదు. అయినా ఒక్కోసారి ఆమె టీ గ్లాసు పట్టుకుని ఉత్త గోడవైపు తిరిగి నిలబడుతుంది. ఏం చూస్తున్నావని నేను అడగను. నాక్కూడా అందులోంచి బత్తాయి చెట్టు కనిపిస్తుంటుంది.

చిక్కల్లా భీమయ్యతో. ఆయన ముప్పై ఏళ్లు గొర్రెల అంగడిలో దళారిగా చేశాడు. ధరను నోటితో చెప్పడం ఆయన దృష్టిలో నడిబజారులో స్నానం చేయడం లాంటిది. అంగట్లో లాగే చేతి మీద తువ్వాల కప్పుతాడు. దాని కింద మనం చెయ్యి పెట్టాలి. వేళ్లు పట్టుకునే బేరం. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఇల్లు కూడా ఆయన అట్లాగే అమ్ముతున్నాడు.

మా మామ, మనీష నాన్న మల్లప్ప, దేవరకొండ వైపు పల్లెలో గొర్లు కాస్తాడు. ఆయనకు ఆ వేళ్ల భాష వచ్చు. ఒకసారి వచ్చి తువ్వాల కింద చెయ్యి పెట్టి, బయటికొచ్చి నా చెవిలో అన్నాడు. "ముప్పై లక్షలు, అల్లుడా. రెండు తగ్గుమంటే చెయ్యి గుంజుకున్నడు."

మా దగ్గర బ్యాంకు అప్పూ, అదీ ఇదీ ఊడ్చి కలిపితే ఇరవై ఎనిమిది. రెండు లక్షల అవతల మా కిటికీ ఉంది.

ఆదివారం నాటి ఎర్ర బాణం చూశాక నాకొక పథకం తట్టింది. "భీమయ్య రోజూ వీధి మలుపు హోటల్ల పేపర్ సదువుతడు. ఈ వార్త ఆయన చెవుల పడితే సాలు."

"పేపర్ల రాస్తే ధర తగ్గిస్తడా? ఆయన గొర్లమ్మినోడయ్యా. గొర్రెకు పేపర్ సూపిచ్చి అమ్మిండా ఏంది?"

"నువ్వు సూస్తుండు."

"సూస్తనే ఉన్న, నాలుగు నెలల సంది."

హోటల్‌లో భీమయ్య పక్క బల్ల మీద కూర్చుని, పాఠం చెప్పే గొంతుతో వార్తంతా చదివాను. టీ పోసేవాడు కూడా చెయ్యి ఆపి విన్నాడు. భీమయ్య సాంతం విని, తన చేతిలోని పేపరు నా ముందుకు జరిపాడు. అది వేరే పేపరు. అదే తేదీ. "ఇళ్లకు యమ గిరాకీ.. ఆకాశంలో ధరలు". అందులో పచ్చ బాణం పైకి ఎగబాకుతోంది.

స్టాటిస్టిక్స్ వాణ్ణి కదా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. లెక్కలు ఒకటే! నా పేపరు పోయిన మూడు నెలలతో పోల్చింది. ఆయన పేపరు పోయినేడాదితో పోల్చింది. ఆయన పేపరు వెనక పేజీ నిండా అపార్ట్‌మెంట్ల ప్రకటన ఉంది. రెండూ హైదరాబాదు గురించే. నల్లగొండ పేరు రెండింట్లోనూ లేదు.

ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పాను. పావుగంట పట్టింది.

"సారూ," అన్నాడు భీమయ్య లేస్తూ, "నువ్వు సదివింది నీ పేపర్. నేను సదివింది నా పేపర్. ఇల్లు మాత్రం నాదే."

ఇంటికొచ్చి చెబితే మనీష పడీ పడీ నవ్వింది. "ఏమైందమ్మా?" అంది గోడ. ఈ జోకు మాత్రం గట్టిగానే చెప్పింది. గోడ కూడా నవ్వింది.

నాకు పౌరుషం వచ్చింది. నల్లగొండ పేరు లేకపోవడమే కదా లోటు? నాతో డిగ్రీ చదివిన సతీశ్ ఒక పేపరుకు విలేకరి. వాణ్ణి మేం ప్రశ్నార్థకం సతీశ్ అంటాం. ఏ వార్త అడిగినా రాస్తాడు, చివర ప్రశ్నార్థకం పెడతాడు. "అది పెట్టినంక నిజమైనా కాకపోయినా మనకు ఫికర్ లేదు" అంటాడు.

మంగళవారం జిల్లా పేజీలో వచ్చింది. "నల్లగొండలో ఇళ్ల ధరలు ఢమాల్?" కింద నా ఫొటో, "గణాంక నిపుణుడు మల్లేశ్". పక్కన భీమయ్య ఇంటి ఫొటో, బత్తాయి చెట్టుతో సహా. ఇంటి బొమ్మ ఉంటే భీమయ్య తప్పక చదువుతాడని నేనే పంపాను. మనీష వార్త చదవలేదు. ఆ ఇంటి ఫొటోను కత్తిరించి గోడకు అంటించింది. కిటికీ ఉండాల్సిన చోట.

సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా పానగల్లు దారి పట్టాను, భీమయ్య ఎంత మెత్తబడ్డాడో చూద్దామని. ఇంటి ముందు ఇరవై స్కూటర్లున్నాయి. ఎవరైనా పోయారేమోనని భయపడుతూ తొంగి చూశాను. లోపల పెళ్లి సందడి.

ధరలు పడ్డాయని చదివి, చవగ్గా కొనుక్కుందామని నల్లగొండలో సగం మంది అక్కడే దిగారు. వాకిట్లో రెండు జట్లయ్యారు. కొనాలనుకునే వాళ్లంతా ధరలు తగ్గాయంటున్నారు. సొంత ఇల్లున్నవాళ్లంతా పెరిగాయంటున్నారు. చేతికొక పేపరు.

"టీవీల గంట సేపు కొట్లాడిండ్రు, పడ్డయనే తేల్చిండ్రు!"

"ఏ టీవీల? మా టీవీల పెరిగినయని తేలింది!"

"నీకు ఇల్లున్నది గాబట్టి పెరిగినయంటున్నవ్!"

"నీకు లేదు గాబట్టి పడ్డయంటున్నవ్!"

ఎవరో నన్ను ఫొటోతో పోల్చుకున్నారు. "నిపుణుడొచ్చిండు! సారూ, మీరే చెప్పుండ్రి!" అంతే, ఇరవై పేపర్లు నా ముఖం మీదికి లేచాయి. తగ్గాయంటే భీమయ్యకు కోపం. పెరిగాయంటే నా సంసారానికి నష్టం. "లెక్క మీద ఆధారపడి ఉంటది" అన్నాను. రెండు జట్లూ కలిసి నన్ను తిట్టాయి.

అరుగు మీద భీమయ్య కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. తన ఇంటి మీద ఊరికి ఇంత మోజు ఉందని ఆయనకా రోజే తెలిసింది. చేతిమీద తువ్వాల కప్పి ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. నా వంతు వచ్చింది.

తువ్వాల కింద చెయ్యి పెట్టాను. గరుకైన పెద్ద చెయ్యి తగిలింది. నాకు వేళ్ల భాష రాదు. పెద్దమనిషి చేతిని ఊరికే తాకి వదిలేస్తే మర్యాద కాదనిపించింది. నిండుగా పట్టుకుని ప్రేమగా ఊపాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

భీమయ్య కళ్లు పెద్దవయ్యాయి. నా వైపు చూశాడు, తువ్వాల వైపు చూశాడు. లేచి నిలబడి ప్రకటించాడు. "అందరు పోండ్రి! బేరం కుదిరింది. ఇల్లు సారుకే!"

నేను నేల మీద నడవలేదు. అర కిలో జిలేబీ కొని ఇంటికి ఎగిరాను.

"ఇల్లు మనదే మనీషా!"

ఆమె ముఖం ఒక్కసారి బత్తాయి పండులా అయింది. ఒక జిలేబీ నోట్లో పెట్టుకుంది కూడా. అప్పుడడిగింది. "ఎంతకు?"

"అది అడగలే."

"చెయ్యి ఎట్ల పట్టినవ్? పట్టి సూపియ్."

గొర్ల కాపరి బిడ్డ కదా, కొంగు తీసి తన చేతిమీద కప్పింది. దాని కింద నేను ఆమె చేతిని నిండుగా పట్టి మూడుసార్లు ఊపాను. ఆమె చెయ్యి కాబట్టి నాలుగోసారి కూడా ఊపాను.

జిలేబీ ఆమె నోట్లోనే ఆగింది. మెల్లగా కింద కూర్చుంది.

"చెయ్యి నిండ పడితే అయిదు. ఒక్కసారి ఊపితే ఒక్క అయిదు. నువ్వు మూడుసార్లు ఊపినవ్. ముప్పై మీద పదిహేను ఎక్కిచ్చినవ్. నలభై అయిదు లక్షలయ్యా, నిపుణుడా!"

గోడ అవతలి నుంచి "ఏమైందమ్మా?" అని రాలేదు. అవతల కూడా ఎవరో కింద కూర్చున్నట్టున్నారు.

మనీష ఏడవలేదు. గోడమీది ఫొటోను కాసేపు చూసింది. తర్వాత చెప్పులేసుకుంది. "బండి తియ్. నువ్వు మాట్లాడొద్దు."

భీమయ్య భార్య నర్సింగమ్మ మనీషను వంటింట్లోకి తీసుకుపోయింది. నేను బత్తాయి చెట్టు కింద భీమయ్య ఎదురుగా కూర్చున్నాను. ఆయన నన్ను కన్నకొడుకును చూసినట్టు చూస్తున్నాడు.

"సారూ, ముప్పై ఏండ్లు అంగట్ల చేసిన. గంత ప్రేమతోని ధర పెంచినోన్ని నేను సూడలే."

నేను మాట్లాడలేదు. మాట్లాడొద్దన్నారు కదా.

తూర్పు కిటికీలోంచి చూస్తే ఆడవాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. నర్సింగమ్మ కొంగు కింద ఇద్దరి చేతులూ ఉన్నాయి. ముందు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక నవ్వు. తర్వాత పాత్రలు కదిలిపోయేంత నవ్వు.

"ఏమయ్యో!" అంది నర్సింగమ్మ బయటికొస్తూ. "గీ సారుకు వేళ్లు తెల్వయంట. కనపడ్డోళ్లందరికి చెయ్యి ఊపుతడంట. బ్యాంకు కాడ తుపాకి పట్టుకున్నోనికి గూడ ఊపి వచ్చిండంట!"

భీమయ్య ముఖం వాడిపోయింది. "అయితే నలభై అయిదు లేదా?"

"నలభై అయిదు లేదు. ఊరోళ్లంత ధర సూడనీకె వచ్చిండ్రు, ఉండనీకె ఎవ్వడు రాలే. గీ పొల్ల నన్ను అడిగింది ఒక్కటే, పొయ్యి మీదికి ఎండ ఎన్ని గంటలకు వస్తదని. ముప్పైకే ఇస్తున్న. పైసలు ఇరవై ఎనిమిది లక్షలు. తక్కిన దానికి పన్నెండు గొర్లు."

నేను మనీష వైపు చూశాను. ఆమె చెట్టు వైపు చూస్తోంది.

భీమయ్య తువ్వాలను మడిచాడు, విప్పాడు. "మంచి గొర్లేనా, బిడ్డా?"

"మా బాపును అడుగుండ్రి. శానమట్టుకు ఈసారి ఈనేటివే."

"ముప్పై ఏండ్లు మంది గొర్లే అమ్మిన," అన్నాడాయన, నాకు కాదు, ఎవరికీ కాదు. "నాయి అని ఒక్కటి గూడ మేపలే. అందుకే గదా ఇల్లమ్మి ఊరికి పోతనన్నది." తల ఊపాడు. బేరం అయిపోయింది. ఈసారి ఎవరి చేతినీ నేను ముట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ ఏ రోగం లేకుండా నడిచింది. నాకు ఆనందం ఆగలేదు.

"మనీషా, ఇరవై ఎనిమిదే కడుతున్నం. అంటే ధర రెండు లక్షలు తగ్గినట్టే గదా! నేను చెప్పలే?"

"ధర తగ్గలే," అంది వెనకనుంచి. "నా గొర్లు తగ్గినయ్."

అప్పుడు తెలిసింది. ఆమె ఏడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లవ్వ ఆమె పేరు మీద మందలో ఒక గొర్రెపిల్లను విడిచిందట. అదీ, దాని పిల్లలు, పిల్లల పిల్లలు కలిసి పన్నెండు. మామ మందలో ఉంటాయి కానీ అవి ఆమెవే. నేను స్కూటీ పక్కకు ఆపాను.

"వద్దు మనీషా. ఇంకో ఇల్లు సూద్దాం. ఇంకో ఏడాది ఆగుదాం."

"ఎన్ని దినాలు గోడను సూసుకుంట టీ తాగాలె? నడువు."

అదే సమయానికి సతీశ్ ఫోన్ చేశాడు. "అరే, రేపటి పేపర్ల ఏం రాయాలె? ధరలు తగ్గినయా, పెరిగినయా?"

ఫోన్ మనీషకిచ్చాను. "గొర్ల ధర పెరిగిందని రాయి అన్నా," అంది. "ప్రశ్నార్థకం పెట్టకు."

ఇంటికొచ్చి మిగిలిన జిలేబీ ఇద్దరం తిన్నాం. ఒక ముక్క గోడ అవతలికి కూడా పంపాం. మనీష వాళ్ల నాన్నకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. పెట్టేశాక ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రేపు అయిదింటికి లేచి మా ఊరికి పోవాలె. కాలేజీకి సెలవు పెట్టు. బాపు ట్రాలీ మాట్లాడిండు. గొర్లను ఎక్కిచ్చుకొని సీదా భీమయ్య ఇంటికే. నేను, బాపు ముందట కూసుంటం. నువ్వు ఎనక, గొర్లల్ల."

"ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సదివినోన్ని, ఎనక గొర్లల్లనా? నువ్వు కూసోరాదు, నీ గొర్లే గదా."

ఆమె ఫోన్‌ను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

"ఎర్ర చెవుల ముసల్దొకటి ఉన్నది. అవ్వ నాకిచ్చింది దాన్నే. బండి కదిలితే భయపడ్తది, ఎవరి ఒళ్లనన్న తల పెడ్తేనే ఊకుంటది. నా ఒళ్ల పెట్టిందంటే ఆడికి పోయినంక నేను దింపనియ్య. అందుకే నువ్వు కూసో."