అత్తయ్యగారి బీరువాలో ఆఖరి పాట

అత్తయ్యగారు ఊరికి బయలుదేరగానే ఆవిడ బీరువా ఖాళీ చేయాలి, అందులో పాట రికార్డు చేయాలి, ఆవిడ తిరిగొచ్చేలోగా బట్టలన్నీ ఎలా ఉన్నవి అలా సర్దేయాలి. ఆ ఉదయం అల్లుడి పథకం ఇంతే. చెప్పుకోవడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి.

అల్లుడు డ్రమ్ములు వాయిస్తాడు. అతనూ, అతని గిటారు మిత్రుడూ ఇరవై ఏళ్లుగా 'ఉక్కుగోళ్లు' అనే మెటల్‌కోర్ బృందం నడుపుతున్నారు. మెటల్‌కోర్ అంటే, గిటార్లు పిడుగుల్లా పడుతుంటాయి, మధ్యలో ఒకాయన కడుపులోంచి అరుస్తుంటాడు. ఏమరుస్తున్నాడో ఎవరికీ అర్థం కాదు, కావాలని ఎవరూ పట్టుబట్టరు. ఇన్నేళ్లూ అరిచినాయన నిరుడు, ఇక ప్రశాంతంగా బతకాలనుందని చెప్పి వెళ్లి కర్టెన్ల కొట్టు పెట్టుకున్నాడు. అభిమానులు గుండెలు బాదుకున్నారు. కొత్త గొంతుతో ఆఖరి పాట ఈ సాయంత్రానికి అందకపోతే ఆల్బమ్ మీద ఆశ వదులుకోమంది రికార్డు కంపెనీ ఆవిడ. ఇంట్లో ఇల్లాలు ఇంకా పొదుపుగా మాట్లాడింది. ఆల్బమ్ రాకపోతే డ్రమ్ములు బయటికి, మేడమీద గది మా అమ్మకి అంది. డ్రమ్ములు లేని బతుకు తల్చుకుంటేనే అల్లుడికి ముద్ద దిగడం లేదు.

కొత్త గాయకుడు నోట్లో నాలుక లేనివాడు. పసిపిల్లల బడిలో పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టడం అతని ఉద్యోగం. గొంతుంది గానీ, ఎవరైనా చూస్తుంటే అది లేవదు. స్టూడియో అద్దం అవతల ముఖాలు కనబడగానే దగ్గి ఊరుకున్నాడు పాపం. ఎక్కడైనా చీకట్లో ఒంటరిగా నిలబెట్టమని అతనే బతిమాలాడు. అత్తయ్యగారి చెక్క బీరువా నిలువెత్తు మనిషి పట్టేంత ఉంది. అరలు తీసేసి, దుప్పట్లు వేలాడదీసి, వెనక చెక్కకున్న కన్నంలోంచి మైకు తీగ పంపారు. చెప్పేదాకా బయటికి రావద్దని మరీ మరీ చెప్పి, మనిషిని లోపల నిలబెట్టి తలుపు గట్టిగా మూశారు. ఆ తలుపు గట్టిగా మూస్తే తాళం దానంతటదే పడిపోతుందని ఇంట్లో ఒక్క అత్తయ్యగారికే తెలుసు. తాళంచెవి ఆవిడ చేతిసంచిలో వెళ్లిపోయింది.

పాట పేరు 'చెర'. రాసింది అల్లుడే. మొదటిసారి గాయకుడు ఎంత మర్యాదగా అరిచాడంటే, గిటారు మిత్రుడు తల పట్టుకున్నాడు. తర్వాత కాసేపు చప్పుడు లేదు. లోపలాయన మంచినీళ్ల కోసం తలుపు తోసి చూసుకుంటున్నాడని వీళ్లకేం తెలుసు? అంతలో హెడ్‌ఫోన్లలో ఒక అరుపు పేలింది.  ఇరవై ఏళ్లలో అల్లుడు అలాంటిది వినలేదు.

గిటారు మిత్రుడు మీట నొక్కి లోపలికి చెప్పాడు. "అద్భుతం తమ్ముడూ. అదే బాధతో ఇంకొక్కసారి."

ఆ మాట విన్నాక లోపలినుంచి వచ్చిన అరుపు ముందు మొదటిది జోలపాట. దాంతోపాటు తలుపు మీద గుద్దులు కూడా మొదలయ్యాయి. చూశావా, తాళం తప్పడం లేదంటూ అల్లుడు మురిసిపోయాడు. బీరువా ఊగసాగింది. రికార్డింగు పాడవుతుందేమోనని గిటారు మిత్రుడు దాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు. పాపం, ఎంత శ్రద్ధో.

సరిగ్గా అప్పుడే కళ్లజోడు మరిచిపోయానంటూ అత్తయ్యగారు తిరిగొచ్చారు.  అల్లుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, లోపల పాట నడుస్తోందని, ఒక్క పది నిమిషాలు ఆగమని గొణిగాడు.

"పాటేంటి నాయనా, ఎవరో తలుపు తియ్యమని ఏడుస్తుంటే."

"అది పల్లవండీ."

"కలరా ఉండల వాసనకి కళ్లు మండిపోతున్నాయంటున్నాడు. అది చరణమా?"

అల్లుడు ఆలోచించాడు. తను రాసిన చరణంలో కలరా ఉండలు లేవు.

"మీకెలా అర్థమవుతోంది అత్తయ్యగారూ?"

"మీ మామగారు నోట్లో బ్రష్షు పెట్టుకునే సంసారమంతా నడిపారు. ఇదెంత."

ఆవిడ గదిలోకి వచ్చి, మంచం మీద కుప్పపోసిన తన బట్టల్ని ఒకసారి, బీరువాని కావలించుకున్న పెద్దమనిషిని ఒకసారి చూశారు. "పక్కకి జరుగు నాయనా, తాళంచెవి నా దగ్గరుంది," అన్నారు శాంతంగా. తలుపు తెరుచుకుంది. నెత్తిన ఆవిడ ఉన్ని శాలువాతో, కన్నీళ్లతో గాయకుడు బయటపడి ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. గొంతు మాత్రం పూర్తిగా పోయింది.

ఇక ఇంకోసారి పాడించే మాట లేదు. చేతిలో ఉన్నది బీరువాలోంచి ఒక మనిషి చేసిన ఆర్తనాదం. సాయంత్రమవుతోంది. అల్లుడు సిగ్గుతో చచ్చిపోతూ దాన్నే కంపెనీకి పంపేశాడు. రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి అంతా చెబుతానన్నారు అత్తయ్యగారు. అల్లుడు మేడెక్కి, డ్రమ్ముల పక్కన కూర్చుని వాటిని నిమురుతూ ఉండిపోయాడు.

భోజనాలకి ముందే కంపెనీ ఆవిడ ఫోను చేసింది. కొత్తాయన పాతాయన్ని మరిపించాడట. కానీ అసలు ప్రాణం చివర్లో ఉందట. అంత నరకం తర్వాత ఒక పెద్దావిడ గొంతు, తాళంచెవి నా దగ్గరుంది అనడం. ఆవిడెవరు, వేదిక మీదికి వస్తారా అని అడిగింది. మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు మరి.

అత్తయ్యగారు ఒప్పుకున్నారు. మేడమీద గది అక్కర్లేదు, డ్రమ్ములు ఉండనిమ్మన్నారు. గాయకుడు మాత్రం ఆవిడ తాళంచెవి పట్టుకుని ఎదురుగా కూర్చుంటేనే వేదిక మీద బీరువాలోకి అడుగుపెడతానన్నాడు. ఇప్పుడు ప్రతి ప్రదర్శనలో ఆఖర్న ఆవిడ లేచి నిలబడగానే, పచ్చబొట్ల కుర్రాళ్లు వేలమంది ఒక్క గొంతుతో ఆవిడ మాటే అరుస్తున్నారు. పోస్టరు మీద ఆవిడ నడిమధ్యన ఉంటారు. అల్లుడు కూడా ఉంటాడు, కాస్త వెతకాలి.

మొన్న కర్టెన్ల కొట్టు నుంచి పాతాయన ఫోను చేసి, బృందంలో మళ్లీ ఖాళీ ఏమైనా ఉందా అని అడిగాడు.

అత్తయ్యగార్ని కనుక్కుని చెబుతానన్నాడు అల్లుడు.