సౌహాన్ కొట్టు ముందు క్యూ

షామ్ షుయ్ పో పేటలో ఆ ఉదయం సౌహాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదీ పద్దెనిమిదికి షట్టర్ ఎత్తాలి, పంచాంగం చూసి పెట్టుకున్న ఆ నిమిషంలోనే మొదటి ప్లేటు అమ్మాలి. ముప్పై ఏళ్లు బడిలో గుమాస్తాగా చేసి, యాభై ఎనిమిదో ఏట బియ్యప్పిండి చుట్టల టిఫిను కొట్టు పెడుతోంది మహాతల్లి. కొట్టు ముందు ఈగ కూడా లేకపోతే బాగుండదని మొగుడు పాక్కీని బయట నిలబెట్టింది.

"మీరు నా మొగుడని ఎవరికీ చెప్పకండి. పరువు పోతుంది."

"ఎవరైనా అడిగితే?"

"నోరు మూసుకుని నిలబడండి!"

పాక్కీ నిలబడ్డాడు. దారినపోయే ఒక పెద్దావిడ మూసిన షట్టర్‌నీ అతన్నీ చూసి వెనకాలే చేరింది.

"ఏమిస్తున్నారు బాబూ?"

"చెప్పకూడదమ్మా."

అంతే! చెప్పకూడదంటే ఊరికే ఇస్తున్నట్టేగా? మా ఊళ్లో క్యూ కనబడితే ముందు నిలబడతాం, సంగతి తర్వాత అడుగుతాం. తొమ్మిదయ్యేసరికి ఆ వరస మందుల షాపు దాటి మలుపు తిరిగింది.

లోపల సౌహాన్ పని ఘోరంగా ఉంది. ఆవిరి పెట్టె సొరుగు లాగి, పలచటి పిండిపొరను చుట్టబోతే చిరిగింది. రెండోదీ చిరిగింది. ఆరోదీ అంతే. సాయానికొచ్చిన ఆడపడుచు చాయ్‌లిన్ షట్టర్ సందులోంచి చూసి గుండె బాదుకుంది.

"వదినా, యాభై మంది! మనం ఊరికే గుడ్లు పంచుతున్నామని చెప్పుకుంటున్నారు! తియ్యకు, తంతారు. మంచి చుట్ట వచ్చాకే మొదలెట్టు."

"అందాకా ఆగితే ముసలిదాన్నయిపోతాను."

"ఇప్పుడేం పడుచుదానివా?"

సౌహాన్‌కు ఏడుపొచ్చింది. ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, సరిగ్గా తొమ్మిదీ పద్దెనిమిదికి షట్టర్ ఎత్తేసింది.

"గుడ్లు లేవు. ఏదీ ఊరికే ఇవ్వను. ఈ చుట్టలు నేనే చేశాను, చిరిగాయి. ఇష్టమైతే తినండి!"

ఒక్కరూ కదల్లేదు. అరగంట నిలబడి ఉత్తచేతులతో పోవడమా? వెనకవాడు నవ్వడూ! పాక్కీ మొదటి ప్లేటు కొని, సోయా పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకోగానే పెళ్లాం ఆజ్ఞ మరిచిపోయాడు.

"నా పెళ్లామండీ!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

"ఎవరి పెళ్లామైతే నాకేం? నాకూ అదే పెట్టమను," అంది పెద్దావిడ.

నలభయ్యో ప్లేటు దగ్గర చేతికి ఒడుపు చిక్కింది. తెల్లగా, నున్నగా, ఎక్కడా చిరగకుండా చుట్ట వచ్చింది. సౌహాన్ గర్వంగా రెండు చేతులా అందించింది. అప్పుడే వంతొచ్చిన కళ్లజోడు పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి నెట్టాడు.

"ఇంతసేపు నిలబడ్డానమ్మా. అందరికీ ఇచ్చిందే ఇవ్వండి."

సౌహాన్ ఆ చుట్టను అట్లకాడతో జాగ్రత్తగా చింపి ఇచ్చింది.