ఒక్క అంగుళం తగ్గించాలి

ఆ రోజు ఉదయం తెబాన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎండుచేపతో వెల్లుల్లి అన్నం తిని, జట్టు సాక్సులు ఉతికి ఆరేసి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం. ఉలాప్ సబ్బుల కంపెనీ బాస్కెట్‌బాల్ జట్టుకు అతను పంతొమ్మిదేళ్ళుగా సామాన్ల మనిషి. బంతులు, నీళ్ళసీసాలు, మోకాలి పట్టీలు, ఆటగాళ్ళ అలకలు అన్నీ అతని అజమాయిషీలోనే ఉంటాయి. గెలుపోటములు మాత్రం అతని చేతిలో లేవు. అవి ఆ జట్టులో ఎవరి చేతిలోనూ ఉన్నట్టు కనబడదు. ఆ సీజన్‌లో తొమ్మిది ఆటలాడి తొమ్మిదీ ఓడారు. మనీలా కిరాణా కొట్లలో జనం "ఆ ఉలాప్ జట్టు సబ్బు కాకుండా, చేతిలో నిలిచేది ఇవ్వండి" అని అడిగేదాకా వచ్చింది వ్యవహారం.

ఇంకా రెండు ఆటలు మిగిలాయి. వాటిలో ఒక్కటైనా గెలవకపోతే జట్టునే మూసేస్తానని కంపెనీ యజమానురాలు మేడమ్ తియోసెంగ్ తేల్చి చెప్పేసింది. యాభై మూడేళ్ళ తెబాన్‌కు ఈ పని తప్ప మరో పని రాదు. రాదని అతని భార్య రెమీ రోజుకోసారి గుర్తు చేస్తుంది కూడా.

రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి కోచ్ బాల్తీ ఫోన్ చేశాడు.

"తెబాన్, ఒక్కడివే ఉన్నావా?"

"రెమీ ఉంది కోచ్."

"అయితే బయటికి రా. మన కొత్త అమెరికా కుర్రాడు వెండెల్ రాత్రి దిగాడు. వాడి పాత జట్టు పంపిన కాగితాలు ఇప్పుడే చూశాను. వాడి ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు!"

తెబాన్ నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. ఈ పోటీల్లో ప్రతి జట్టూ ఒక్క విదేశీ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు కానీ, అతను ఆరడుగుల ఐదంగుళాలకు మించి ఉండకూడదు. మించితే వచ్చిన విమానంలోనే వెనక్కి పోవాలి.

"మరి వాణ్ణి కుదిర్చిన ఏజెంటు ఐదే అన్నాడు కదా?"

"ఏజెంటు మనం ఐదు ఆటలు గెలుస్తామని కూడా చెప్పాడు. అదంతా ఇప్పుడెందుకు? మధ్యాహ్నం రెండింటికి లీగ్ ఆఫీసులో కొలత. ఈలోగా వాణ్ణి ఒక్క అంగుళం తగ్గించు."

ఈ మాటకు తెబాన్ ఏమీ ఆశ్చర్యపోలేదు. మనిషి నిద్ర లేచినప్పుడు పొడుగ్గా ఉంటాడనీ, నిలబడి బరువులు మోస్తే వెన్ను కుదించుకుని పొట్టి అవుతాడనీ ఆ ఊళ్ళో జట్ల వాళ్ళందరికీ తెలుసు. కొలతకు ముందు ప్రతి జట్టూ తన విదేశీయుణ్ణి గంటల తరబడి నిలబెడుతుంది. ఎంత నిలబెట్టినా అరంగుళం తగ్గితే గొప్ప. అంగుళమంటే ఆ వృత్తిలో ఎవరూ సాధించినది కాదు.

"పడుకోనివ్వకు. కూర్చోనివ్వకు. భుజాల మీద ఏదన్నా పెట్టు. ఎందుకో మాత్రం వాడికి చెప్పకు" అన్నాడు కోచ్.

"చెబితే ఏమవుతుంది?"

"కంగారు పడతాడు. కంగారు పడ్డవాడు నిటారుగా నిలబడతాడయ్యా!"

ఏడింటికి తెబాన్ హోటల్ గది తలుపు తట్టాడు. వెండెల్ ప్రూట్ ఇరవై ఆరేళ్ళవాడు. బీరువా అంత వెడల్పున్నా మాట మెత్తన. కనబడ్డ ప్రతివాణ్ణీ సార్ అంటాడు. టిఫిన్ ఎక్కడ చేద్దామని అడిగితే, టిఫిన్ నడుస్తూ కూడా తినొచ్చని తెబాన్ చెప్పాడు. అక్కణ్ణించి తిన్నగా మార్కెట్‌కు తీసుకుపోయి, రెమీ నడిపే పూటకూళ్ళ దుకాణానికి కావలసిన యాభై కిలోల బియ్యం బస్తాను అతని భుజాల మీదికి ఎత్తించాడు. దుకాణానికి పావుగంట దారి. తెబాన్ దాన్ని రెండు గంటలు చేశాడు.

"ఇది మీ దగ్గర అలవాటా సార్?" అన్నాడు వెండెల్, అదే చర్చి ముందు నుంచి మూడోసారి వెళుతూ.

"కొత్తగా వచ్చినవాళ్ళకి."

వెండెల్ తలాడించి నడిచాడు. అతనితో అసలు పేచీ లేదు. పేచీ అంతా రింగుల దగ్గర వచ్చింది. మనీలాలో మంచినీళ్ళ కుళాయి లేని సందు ఉంటుంది కానీ బాస్కెట్‌బాల్ రింగు లేని సందు ఉండదు. రింగు కనబడితే చాలు, వెండెల్ బస్తా దింపి, ఎగిరి దాన్ని పట్టుకుని వేలాడేవాడు. కాళ్ళు చాపి, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయేవాడు.

"వేళ్ళు గట్టిపడతాయి సార్" అన్నాడు ఎటో చూస్తూ.

గంటసేపు కష్టపడి కుదించినదంతా నిమిషంలో సాగిపోతుంటే తెబాన్ ప్రాణం ఉసూరుమంది. మూడో రింగు దగ్గర ఇక ఆగలేక, రెండు కాళ్ళూ పట్టుకుని కిందికి లాగాడు. బలంగా రెండుసార్లు లాగాక, తాను చేస్తున్నది సాగదీయడమేనని తట్టి, చేతులు కాలినవాడిలా వదిలేశాడు.

పదింటికి దుకాణం చేరేసరికి రెమీ, చుట్టుపక్కల ఆడవాళ్ళూ గుమ్మంలోనే ఉన్నారు.

"ఏమయ్యా, సముద్రాలు దాటి వచ్చిన మనిషి చేత బస్తా మోయిస్తావా? నీకు భుజాల్లేవూ?" అంది రెమీ. "నువ్వు కూర్చో నాయనా. అన్నం తిందువుగాని."

ఒకామె బెంచీ వేసింది. వెండెల్ వంగేలోపే తెబాన్ ఆ బెంచీని లాగేశాడు. ఇంకొకామె కుర్చీ తెచ్చింది. తెబాన్ దానిమీద తానే కూర్చున్నాడు. ఆ వాడలో అతిథి తినకుండా వెళితే ఇంటికి అవమానం, నిలబెట్టి పెడితే అంతకంటే అవమానం. ఆడవాళ్ళు తెబాన్ ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకున్నారు. చివరికి వెండెల్ భుజాల మీద బస్తాతో, నిలబడే, మూడు గిన్నెల పుల్లటి పందిమాంసం పులుసు తాగి, ప్రతి గిన్నెకూ అందరికీ థాంక్స్ చెప్పాడు. ఎవరో ఫోటో తీశారు.

పదకొండింటికల్లా ఆ ఫోటో మనీలా అంతా చుట్టేసింది. కింద రాసిన మాట కూడా పెద్దదేమీ కాదు: "తొమ్మిది ఓటములకు ఉలాప్ జట్టులో శిక్ష మొదలు." పన్నెండింటికి మేడమే స్వయంగా ఫోన్ చేసింది.

"తెబాన్, ఆ పిల్లాడు ఇంకా ఒక్క ఆటైనా ఆడలేదు. ఓడకుండానే శిక్షేమిటి?"

"శిక్ష కాదు మేడమ్."

"మరి బస్తా దేనికి?"

కాగితాల సంగతి మేడమ్‌కు తెలియదు. తెలిస్తే కోచ్ చంపేస్తాడు. "అభిమానం కొద్దీ మేడమ్" అన్నాడు తెబాన్.

"నా కారు పంపుతున్నాను. వెనక సీటు మంచంలా వాలుతుంది. రెండింటిదాకా వాణ్ణి పడుకోబెట్టు. డ్రైవర్ చూస్తుంటాడు."

డ్రైవర్ నిజంగానే చూస్తూ కూర్చున్నాడు. వెండెల్ సీటు వాల్చుకుని, చేతులు తలపైకి చాపి, మునివేళ్ళు తలుపుకు తగిలేలా సాగి పడుకున్నాడు. మామూలుగానే కదలని ట్రాఫిక్ ఆ రోజు అసలు కదల్లేదు. గంటన్నర పాటు తెబాన్ అద్దంలో ఆ పొడుగాటి శరీరాన్ని చూస్తూ, దారిలో కనబడిన ప్రతి చర్చికీ సిలువ గుర్తు వేసుకున్నాడు.

లీగ్ ఆఫీసులో కోచ్, మేడమ్ మాత్రమే కాదు, ఫోటో పుణ్యమా అని అరడజను మంది విలేకరులు కూడా ఉన్నారు. కొలిచే అధికారి అటార్నీ బుసుయెగో నవ్వని మనిషి. బూట్లు విప్పమన్నాడు. వెండెల్ విప్పాడు. బూట్లతో పాటు రెండు దళసరి మెత్తలు, వాటి కింద బెండు ముక్కలు రెండు బయటపడ్డాయి. అమెరికాలో అదో ఫ్యాషన్ కాబోలనుకున్నారంతా. అతను గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి, మెడ పైకి సాచి నిలబడ్డాడు. అటార్నీ చెక్కను అతని తల మీదికి దింపాడు. అది దిగింది. ఇంకా దిగింది.

"ఆరడుగుల మూడంగుళాలు."

మళ్ళీ కొలిచారు. మూడే.

కోచ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఒక్క అంగుళం అన్నాను కదరా! ఒక్కటి! మూడెందుకు తగ్గించావు?" అని తెబాన్ మీద విరుచుకుపడ్డాడు. విలేకరుల కలాలు ఒక్కసారి కదిలాయి.

"నా కార్లో పడుకోబెడితేనే ఇంత ఉన్నాడు" అంది మేడమ్ నెమ్మదిగా. "పొద్దున్న బస్తా దించేటప్పటికి ఎంతకి దిగజార్చావయ్యా?"

"రేపు ఆట ఉంది. మళ్ళీ పెంచు!" అని అరిచాడు కోచ్.

తెబాన్ నోరు తెరిచేలోపే వెండెల్ అతన్ని వరండాలోకి లాక్కుపోయాడు.

"సార్, తప్పు మీది కాదు. పద్దెనిమిదో ఏట నుంచీ నేనింతే. ఆరడుగుల మూడంగుళాల వాణ్ణి ఎవరూ పిలవడం లేదని కాగితాల్లో ఆరంగుళాలని రాయించాను. ఇక్కడ కొలుస్తారని విమానంలో తెలిసింది. మేడమ్‌కి తెలిస్తే ఇవాళే పంపించేస్తుంది. మా అమ్మాయి వాళ్ళ బడంతా చెప్పుకుంది సార్, నాన్న మనీలాలో ఆడుతున్నాడని."

"అందుకా రింగులకి వేలాడింది?"

"అరంగుళమన్నా సాగుతానేమోనని."

పొద్దున్నుంచీ ఇద్దరూ ఒకే వెన్నును చెరో పక్కకీ లాగుతున్నారన్నమాట. తెబాన్‌కు నవ్వు రాలేదు. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెబితే తన పంతొమ్మిదేళ్ళ పేరు నిలబడుతుంది. చెప్పకపోతే జట్టు చివరి ఆశను నలిపేసినవాడిగా మిగులుతాడు. అతను త్యాగాలు చేసే రకం కాదు. జట్టు తువ్వాళ్ళు రెండు ఇప్పటికీ అతని ఇంట్లోనే ఉన్నాయి. కానీ ఎదుట ఉన్నవాడి భుజాల మీద గోనె అచ్చు ఎర్రగా కనబడుతోంది. అది తాను వేసిందే.

లోపలికి వెళ్ళి టోపీ తీశాడు. "పొరపాటైపోయింది మేడమ్. కొంచెం ఎక్కువ నొక్కాను."

"ఈ రెండు ఆటలయ్యాక నువ్వు రానక్కర్లేదు" అంది మేడమ్.

ఆ రెండు ఆటల్లోనూ వెండెల్ నడుం పట్టీతో, ప్రాణం పెట్టి ఆడాడు. మొదటిది పద్దెనిమిది పాయింట్ల తేడాతో పోయింది, రెండోది ఒక్క పాయింటు తేడాతో పోయింది. పదకొండుకు పదకొండూ ఓడి ఉలాప్ జట్టు సీజన్ ముగించింది. మేడమ్ అన్నంతపనీ చేసి జట్టును మూసేసింది. కోచ్ బాల్తీ టీవీలో చేరి, ఇతర జట్లు ఎందుకు ఓడుతున్నాయో చక్కగా వివరిస్తున్నాడు. వెండెల్ వెళ్ళేముందు తెబాన్‌ను కావలించుకుని ఏడ్చాడు. తెబాన్ కూడా ఏడ్చాడు. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని, రెమీ కూరగాయలు తరగమంటే తరుగుతూ, సరిగా తరగలేదంటే వింటూ వారం గడిపాడు.

ఎనిమిదో రోజున ఫోన్ మోగింది. సాయంత్రానికి మరో మూడు మోగాయి. "ఏడు గంటల్లో మూడంగుళాలు" అని పత్రికలు రాసిన మనిషి ఖాళీగా ఉన్నాడని తెలిసి, నాలుగు జట్ల మేనేజర్లు ఒకరితో ఒకరు పోటీపడుతున్నారు. నిజం చెబుదామని తెబాన్ మొదటి ఫోన్‌లోనే గొంతు సవరించుకున్నాడు. పక్కన రెమీ కత్తిపీట ఆపి అతని వైపు చూసింది. అతను మళ్ళీ గొంతు సవరించుకుని, ఎప్పటినుంచి రమ్మంటారని అడిగాడు.

సోమవారం నుంచి చేరమన్నారు. వాళ్ళ కొత్త ఆటగాడికి ఒక్క అంగుళం తగ్గితే చాలట, దయచేసి మూడు మాత్రం వద్దన్నారు.