గోవిందప్ప లవణ సంగ్రామం

కృష్ణ ఒక దిక్కు నుండి, తుంగభద్ర ఒక దిక్కు నుండి ఒక్కమారే పొంగిపొరలి, గడ్డివాములను గోపురాలవలె తేల్చుకుపోయిన ఆ పెద్ద వరద గడచిన పదహారవ యేట, ఆషాఢమాసాన, మబ్బు ఉండి కూడా వాన కురవని ఒకానొక సోమవారం మిట్టమధ్యాహ్నాన, రాయచూరు సీమకు తలమానికమైన మట్మారి గ్రామమందు, రేకుల కొట్టం నీడన జరిగిన ఘోర సంగ్రామాన్ని చెబుతాను. వినేవాళ్లు వినండి. పక్కన ఊరగాయ పెట్టుకుని కూర్చున్నవాళ్లు మరీ వినండి.

ఈ గాథకు నాయకుడు గోవిందప్ప. అరవై మూడేండ్ల వీరుడు, ఆరెకరాల నల్లరేగడికి ఏకచ్ఛత్రాధిపతి, కెంచ, బిళియ అనే వృషభద్వయానికి సారథి, ఊరగాయజాడీవిధ్వంసకుడు, జొన్నరొట్టె మీద ఎర్రకారం రాసి, ఆపైన దొడ్డుప్పు రవ్వలు చల్లి, పటపటలాడించి నమిలితే నాలుగిండ్ల అవతల నిద్రించే కుక్కలు లేచి కూర్చునేటంతటి దంతశూరుడు. మాట మాత్రం తక్కువ. దినానికి పది మాటలు దాటితే గొంతు అరిగిపోతుందని అతని భయం.

అట్టి వీరుని భుజానికి పదిహేను దినాల కింద, ఆసుపత్రిలో అర్పిత అనే డాక్టరమ్మ నల్లని పట్టీ చుట్టి, గాలి నింపి, అంకెలు చూసి పెదవి విరిచింది. మీద నూట డెబ్బై రెండు, కింద నూట నాలుగు.

"తాతా, బీపీ బాగ ఎక్కువుంది. దినానికి ఒక గోళీ, మానొద్దు. కూరల ఉప్పు బాగ తగ్గియ్యాల. ఊరగాయ, అప్పడం బంద్."

గోవిందప్ప అన్న ఉలిగప్ప రెండేండ్ల కింద పత్తి చేనిలో రొమ్ము పట్టుకుని సాలులోనే కూలి, మరి లేవలేదు. అది మరవని హనుమమ్మ, గోవిందప్ప ధర్మపత్ని, పాకశాలాధీశ్వరి, ఆనాడే ఉప్పుడబ్బాను ఇనుపపెట్టెలో పెట్టి తాళం బిగించింది. తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకుంది. అంతకంటే భద్రమైన కోట ఈ భూమండలం మీద లేదు.

గోవిందప్ప ఎదిరించలేదు. గోళీ మింగాడు. చప్పటి పప్పు మారుమాటాడకుండా తిన్నాడు. "మా ఆయన సన్యాసుల్ల కలిసిండు" అని హనుమమ్మ పొరుగింటి మంజమ్మ దగ్గర మురిసిపోయింది.

కాని వీరుల వ్యూహాలు అంత సులభంగా అందుతాయా? డాక్టరమ్మ తగ్గించమన్నది కూరలో ఉప్పు. ఎద్దుల ఉప్పు మాట ఆమె ఎత్తలేదు. కొట్టంలో మేత వేసే గాడి మీద, పశువులు నాకడానికి తాడుతో వేలాడదీసిన ఉప్పుగడ్డ ఒకటి ఉన్నది. బువ్వకు ముందు కొట్టంలోకి పోవుట, రాతితో చింతగింజంత ముక్క కొట్టుట, రొంటిన దోపుకొనుట, చప్పటి ముద్ద మింగిన పిమ్మట ఆ ముక్కను నాలుక మీద పెట్టుకొని కన్నులు మూసి కైలాసం చూచుట, ఇదీ పదిహేను దినాల దినచర్య. ఇది కూర కాదు, కావున తప్పు కాదు. ఇట్టి న్యాయశాస్త్రం మట్మారిలో మగవాళ్లందరికీ పుట్టుకతోనే వస్తుంది.

ఆ సోమవారం పొద్దున డాక్టరమ్మ మళ్లీ పట్టీ చుట్టింది. మీద నూట ఎనభై నాలుగు, కింద నూట పది. పట్టీ విప్పి ఇంకో చేతికి చుట్టింది. అదే అంకె.

"అమ్మా, నిజంగ ఉప్పు బంద్ చేసినవా?"

హనుమమ్మ పుస్తెలతాడు బయటికి లాగి తాళంచెవి చూపింది. డాక్టరమ్మ గోవిందప్ప దిక్కు తిరిగింది.

"తాతా, పిడికిలి పట్టు. గింతే ఉంటది గుండె. నాలుగు అరలు. తలుపులు ఒక్క దిక్కే తెరుసుకుంటయ్, నెత్తురు ఎనక్కి రాదు. దినానికి లక్షసార్లు కొట్టుకుంటది. ఉప్పు ఎక్కువైతే ఒంట్ల నీరు నిలుస్తది, నరాల్ల ఒత్తిడి పెరుగుతది. దానికి ఎదురు నెత్తురు నూకాల గుండె. బండి నిండ రాళ్లేసి గడ్డ ఎక్కిచ్చినట్లు. ఎన్ని దినాలు ఎక్కిస్తవ్?"

ఓహో, పిడికెడు మాంసమా! చేని మోటారుకు ఏడు గంటల కరెంటు చాలును, పిమ్మట అది చల్లగా పడుకొనును. యరమరస్‌లో కరెంటు పుట్టించే కొండంతటి యంత్రాలకు కూడా మరమ్మతుకని సెలవు దొరుకును. తల్లి కడుపులో మొదలుపెట్టి, ఒక్కనాడూ జీతమడగక, దెబ్బకూ దెబ్బకూ నడుమ రెప్పపాటు ఊపిరి తీసుకుని, మళ్లీ భుజం ఆనించే కూలివి నీవొక్కతెవే! నీ యజమాని నీకిచ్చే మర్యాద ఏమిటంటే, ఎద్దు నాకిన ఉప్పు.

ఇంటికి చేరగానే గోవిందప్ప "ఎద్దులకు నీళ్లు సూసొస్త" అని కొట్టంలోకి దూరాడు. మూడు మాటల్లో ఇంత పెద్ద అబద్ధం అతను ఎన్నడూ ఆడలేదు. ఆనాడు సోమవారం, బసవన్న వారం. ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. కడిగిన ఒళ్లతో, విభూతి నొసళ్లతో అవి నెమరేస్తున్నాయి. వీరుడు చెయ్యి చాచాడు. సరిగ్గా అదే క్షణాన కెంచ కూడా నాలుక చాచింది. ఎడమ నుండి ఎద్దు నాలుక, కుడి నుండి వీరుని గోళ్లు! గడ్డ ఊగింది. తాడు కిర్రుమంది. ఎద్దు నాకింది, వీరుడు గుంజాడు. ముక్క విరిగి అరచేతిలో పడింది. జయోస్తు అనేలోగా వాకిట గాజులు గలగలమన్నాయి.

హనుమమ్మ గడ్డను చూసింది. ఒక పక్క నాలుక నునుపు. ఇంకో పక్క రాతి గంట్లు. ఎద్దులు రాయి పట్టుకోవు.

"ఏందయ్యా ఇది? ఎద్దు నోటికాడిది గుంజుకుంటున్నవా?"

అప్పుడు గోవిందప్ప మనసున ఒక మహోపన్యాసం ఉప్పొంగింది. 'ఓ హరిణాక్షీ! లవణహీనమైన భోజనం చంద్రహీనమైన ఆకాశం! మా తాత తిన్నాడు, మా నాయన తిన్నాడు! క్షత్రియుడు రణంలో, రైతు కారంలో వెనుదీయునా?' ఇట్లు నలభై చరణాలు. నోటి దాకా వచ్చేసరికి మిగిలింది:

"ఊఁ."

"ఊఁ అంటే? పోయిన యేడు కెంచకు కాలు వాస్తే, పశువుల డాక్టరు నెల దినాలు కాడి పెట్టొద్దన్నడు. పెట్టినవా?"

"లే."

"ఇయ్యాల సోమారం. పెట్టినవా?"

"ఎట్ల పెడ్త?" అన్నాడు గోవిందప్ప, నిజంగానే నొచ్చుకుని.

"మరి నీ రొమ్ముల ఉన్న ఎద్దుకు? అరవై మూడేండ్లల ఒక్క సోమారం ఇచ్చినవా దానికి? ఉలిగప్ప బావది సాల్ల కూలె. నీది గీ కొట్టంల కూలాల్నా? నేను సూడాల్నా?" కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఎద్దు మేత మానితే రాయచూరు దాకా బండి కట్టి, తమ రొమ్ములో నొప్పి పుడితే గ్యాసని సోడా తాగి పడుకునే శూరుల వంశంలో పుట్టినవాడు గోవిందప్ప. అయినా ఆ మాట తగిలింది. ముక్కను రొంటిన దోపుకుని వచ్చి బువ్వకు కూర్చున్నాడు.

మొదలైంది సంగ్రామం. పళ్లెం రణభూమి. జొన్నరొట్టెలు రెండు, చప్పటి పప్పు, ఉల్లిగడ్డ. మొదటి ముద్ద నోటపడగానే జిహ్వాదండనాయకుడు తిరుగుబాటు బావుటా ఎత్తాడు, లాలాజలం వరదై కట్టలు తెంచుకుంది, ఎడమచెయ్యి రాయబారియై రొంటి దాకా పోయింది. పోయి, వచ్చింది. రెండో ముద్దకు మళ్లీ పోయింది. మూడో ముద్దకు వేలు రొంటి లోపలికి దూరింది. అక్కడ ఉప్పు తగిలింది. పైన, రొమ్ములో ఎడమ పక్క, ఇంకొకటి కూడా తగిలింది. టప్, టప్, టప్. బరువెత్తుకుని గడ్డ ఎక్కుతున్న అడుగుల్లాగా.

చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

హనుమమ్మ నిమ్మకాయ చెక్క పప్పు మీద పిండింది. "పులుపు వద్దన్లే డాక్టరమ్మ." ఆ మిత్రసైన్యం సాయంతో వీరుడు రెండు రొట్టెలూ మట్టుపెట్టాడు.

మోగించండి నగారాలు! చింతగింజంత ఉప్పు ఓడింది! గోవిందప్ప లేచి వెళ్లి ముక్కను కెంచ ముందు పట్టాడు. అది ఒక్క నాకుడులో మింగేసి, మెచ్చుకోకుండానే నెమరు అందుకుంది.

మరునాడు తెల్లవారి మంగళవారం. హనుమమ్మ రొట్టె, చప్పటి పప్పు, నిమ్మచెక్క ముందుపెట్టి భయంభయంగా అన్నది:

"సోమారం అయిపాయె కదయ్యా."

గోవిందప్ప గోళీ మింగాడు. రొట్టె చివరి ముక్క దాకా తిన్నాడు. రొమ్ము మీద రెండు వేళ్లతో తట్టి, ఆ దినానికి ఉన్న మాటల్లో సగానికి పైగా అక్కడే ఖర్చుచేశాడు.

"కెంచకు మంగళారం. దీనికి ఇయ్యాల గూడ సోమారమే."

లేచి, రొంటి విప్పి, అడుగున మిగిలిన ఉప్పు రవ్వలు గాడిలోకి దులిపి, ఎద్దుల మీద కాడి ఎత్తాడు.