రేపుగారి పచ్చి గుంజలు

ముందుగా క్షమాపణ. అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. ఒత్తులు ఉండాల్సిన చోట కాక ఇంకెక్కడో కనిపిస్తే మీరే సర్దుకుని చదువుకోండి. రాయడంలో కూడా నాది నత్తనడకే. ఈ కథ మొదలుపెట్టినప్పుడు కిటికీ బయట ఉన్న పిందెలు, ముగించేసరికి పండి రాలిపోయాయి. ఇక కథ.

ఆ ఉదయం రేపుగారి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాక మొగుడి చేత కంచె గుంజలు పీకించాలి. మేస్త్రి వచ్చేసరికి ఆ నేల ఖాళీగా ఉండాలి. సాయంత్రానికి కోళ్ల షెడ్డుకు పునాది పడాలి. ఇందులో ఎవరికీ కష్టమైన పని లేదు, రేపుగారికి తప్ప.

రేపుగారు అన్నది ఆయన అసలు పేరు కాదు. ఏ పని చెప్పినా "రేపు" అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పెళ్లిరోజున కూడా ఆ మాట నోటి దాకా వచ్చిందని, పక్కన మామగారు నిలబడి ఉండబట్టి మింగేశాడని ఆయన బావమరిది ఇప్పటికీ చెబుతుంటాడు.

ఆ మామగారు పోతూ పోతూ తన పొలాన్ని కూతురికి సగం, కొడుక్కి సగం రాసి, మధ్యలో హద్దు రాళ్లు పాతించి వెళ్లాడు. మూడేళ్ల కిందట కొడుకు తన సగంలో బోరు వేయించుకున్నాడు. బోరు లారీ తిరగడానికి చోటు చాలక, "రెండ్రోజులు కంచె మీ వైపు జరుపు బావా" అని అడిగాడు. రేపుగారు వాగు గట్టున ఉన్న ఏదో చెట్టు కొమ్మలు నరికి, రాళ్లకు నాలుగడుగులు ఇవతల, భార్య నేలలో పాతి, ముళ్లతీగ చుట్టాడు. లారీ వచ్చింది, బోరు పడింది, లారీ వెళ్లిపోయింది. కంచెను వెనక్కి జరపడం రేపటి పని అయింది.

"ఏవయ్యా, టీ అయిందా?" అంది భార్య.

"ఇంకో గుక్క ఉంది."

"ఆ గుక్క సూర్యుడు రాకముందు నుంచీ అలాగే ఉంది. గడ్డపార గుమ్మం దగ్గర పెట్టాను. చూడు, కనిపిస్తుందో లేదో."

కనిపించింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. వెళ్లాక ఒక విషయం గమనించాడు. తాను పాతినవి గుంజలు, అక్కడ ఉన్నవి చెట్లు. ఒక్కొక్కటీ మణికట్టంత లావెక్కి, గుబురుగా చిగుళ్లు వేసి, ముళ్లతీగను బెరడులోకి మింగేసి నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని తోశాడు, కదల్లేదు. పక్షపాతం చూపించకూడదని రెండోదాన్నీ తోశాడు.

"ఇవి వేళ్లు పట్టేశాయే," అన్నాడు.

"పట్టవా మరి? ఎండు కర్రలు కొట్టుకు రమ్మంటే పచ్చివి తెచ్చావు."

"ఎండు కర్రకి గొడ్డలి దెబ్బలు ఎక్కువ పడతాయి."

"ఇప్పుడు గడ్డపార దెబ్బలు పడతాయి. ఊఁ, కానివ్వు."

రేపుగారు గడ్డపారను, చెట్లను, భార్యను వరుసగా చూశాడు. ఆయన జీవితంలో మంచి ఆలోచనలన్నీ ఇలాంటి సమయాల్లోనే వచ్చాయి.

"చెట్టు పీకాలంటే గవర్నమెంటు పర్మిషన్ కావాలే. కొత్త రూల్స్ వచ్చాయి. పర్యావరణం. అడక్కుండా పీకామనుకో, నేలే లాగేసుకుంటారు. ఒక్కసారి ఆఫీసుకి వెళ్లి అడిగొస్తాను."

నేల పోతుందన్న మాట విని ఆవిడ వెనక్కి తగ్గింది. ఆ సగం పొలం తప్ప ఆవిడకంటూ ఇంకేమీ లేదు. కోళ్ల షెడ్డు ఆవిడ ఎన్నాళ్లుగానో కంటున్న కల. పొలంలో మిట్టగా, వాన నీళ్లు నిలవకుండా ఉన్న చోటు ఆ కంచె పక్కన ఒక్కటే.

ఆఫీసుకు బయల్దేరుతున్నప్పుడు రేపుగారి మనసు తేలికగా ఉంది. ప్రభుత్వం మీద ఆయనకున్న నమ్మకమంతా దాని నిదానం మీదే. ఇప్పుడు అడిగితే జవాబు రావడానికి తక్కువలో తక్కువ ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ గడ్డపార గుమ్మం దగ్గరే ఉంటుంది.

పచ్చదనం ఆఫీసులో ఒక యువ అధికారిణి గోడ మీది మ్యాపుకేసి చూస్తూ కూర్చుని ఉంది. ఆమె ముందు డబ్బా నిండా పచ్చరంగు గుండుసూదులు ఉన్నాయి. మ్యాపు మీద ఒక్కటి కూడా లేదు. నెలాఖరున పై అధికారి వచ్చి ఆ మ్యాపు చూస్తాడు.

"మా కంచె గుంజలు చిగుళ్లు వేశాయండి. పీకొచ్చో లేదో కాస్త ఆలోచించి, తొందరేం లేదు..." అన్నాడు రేపుగారు.

"బతికున్న కంచె అన్నారా?" ఆమె లేచి నిలబడింది. "వరసగా ఉన్నాయా?"

"వరసగానే పాతానండి."

రేపుగారు దారిలో రెండుచోట్ల నీడన ఆగి ఇల్లు చేరేసరికి ఆమె స్కూటరు కంచె పక్కనే ఉంది. ఆమె టేపు పట్టుకుని కొలుస్తోంది. మేస్త్రి పునాది దారం చేత్తో పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. కంచెకు అవతల, హద్దు రాళ్లను ఆనుకుని కట్టిన తన మోటారు గది నీడలో నిలబడి బావమరిది నవ్వుతున్నాడు.

"ఇది సజీవ ప్రహరీ," అంది ఆఫీసరమ్మ మెరిసే కళ్లతో. "కొత్త పథకం. ఇలాంటిది మా పరిధిలో ఇదే మొదటిది. రోడ్డు మీద బోర్డు పెట్టి యజమాని పేరు రాస్తాం. పేపర్లో ఫోటో వేయిస్తాం. ఎవరిది ఈ ప్రహరీ?"

"నాదండి. నా చేత్తో పాతాను," అన్నాడు రేపుగారు.

"పాతింది బావే గానీ, ఇక్కడ పాతమంది నేను," అన్నాడు బావమరిది. "ఆలోచన నాదండి. బావకి ఆలోచనలు రావు."

"నీ ఆలోచనకి వేళ్లు వచ్చాయా? నా గుంజలకి వచ్చాయి!"

"మీ ఇద్దరి సంగతీ తర్వాత," అంది రేపుగారి భార్య. "అమ్మా, ఆ నేల నాది. హద్దు రాళ్లు అదుగో అక్కడున్నాయి. కంచె జరిపించి నా షెడ్డు నేను కట్టుకోవాలి."

"ఇంక జరపడానికి వీల్లేదమ్మా. సజీవ ప్రహరీకి అటు అయిదడుగులు, ఇటు అయిదడుగులు ఏమీ కట్టకూడదు, తవ్వకూడదు. ముందే కట్టినవి ఉంటే తీసేయాలి." ఆమె టేపు అటువైపు లాగింది. టేపు కొస బావమరిది మోటారు గది గోడకు తగిలి, ఇంకా మిగిలింది. "ఇది కూడా తీసేయాలి."

బావమరిది నవ్వు నవ్వుగానే ఆగిపోయింది.

"అసలు ఈ కంచె సంగతి నాకేం తెలీదండి," అన్నాడు. "బావ గుంజలు, బావ తీగ. ఆయనిష్టం."

"ఆలోచన నీదన్నావుగా ఇప్పుడే!" అన్నాడు రేపుగారు.

"నాకు ఆలోచనలేంటి బావా, నీ ముందర!"

"నేను పాతానంటే... కర్రలు పట్టుకుని నిలబడ్డానంతేనండి. వాటంతటవే దిగాయి."

ఆఫీసరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరూ తమది కాదంటే ప్రహరీ ప్రభుత్వానిది అవుతుంది. కింద నేలతో సహా. నెలాఖరున మా సారు వచ్చి చూసి ఖాయం చేస్తారు."

మేస్త్రి దారం చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "నేను వేరే పని చూసుకుంటానమ్మా. ఈ గోడ కట్టినాయన నాకంటే పెద్ద మేస్త్రిలా ఉన్నాడు," అని వెళ్లిపోయాడు.

"అప్పటిదాకా వీటిని చూసుకోవడానికి ఒక సంరక్షకుడు కావాలి," అంది ఆఫీసరమ్మ. బ్యాగులోంచి ఒక ఆకుపచ్చ టోపీ తీసి రేపుగారి తలమీద పెట్టింది. "పొద్దున చెట్టుకో బకెట్టు, సాయంత్రం చెట్టుకో బకెట్టు. నీళ్లు దగ్గర్లో ఉన్న మోటారు నుంచి తీసుకోండి."

దగ్గర్లో ఉన్న మోటారు బావమరిదిది.

ఆ టోపీ లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మర్నాడు తెల్లవారకుండానే రేపుగారు లేచాడు. ఎవరూ లేపకుండా లేవడం ఆయనకు అదే మొదలు. టోపీ పెట్టుకుని, బకెట్టు పట్టుకుని, చెట్టు చెట్టుకూ నీళ్లు పోశాడు. సాయంత్రం మళ్లీ పోశాడు. పేడ తెచ్చి మొదళ్లలో వేశాడు. పిట్టలు వాలితే ఉష్ అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగితే, "ముట్టుకోకండి, గవర్నమెంటు చెట్లు" అని చెప్పాడు.

భార్యకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్ల కాపురంలో ఒక్కరోజు నాకు స్నానానికి నీళ్లు తోడి పెట్టావా? నా నేల మింగిన వాటికి మాత్రం పూటపూటా పోస్తున్నావు!"

"ఇది డ్యూటీయే. నీకు తెలీదు."

"టోపీ తీసి మాట్లాడు."

"డ్యూటీలో తియ్యకూడదు."

బావమరిది ఆ వారంలోనే అక్క గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మోటారు గది పడగొడితే మోటారు ఎక్కడ పెట్టాలో, ఎలా కదపాలో అతనికి పాలుపోలేదు.

"అక్కా, కంచె రాళ్ల దగ్గరికి జరిపేద్దాం. నీ నేల నీకే. నేనేం అడ్డురాను."

"మూడేళ్ల నుంచీ అదే కదరా నేను అడుగుతోంది! అడిగినప్పుడల్లా తొందరేముందక్కా అన్నావు."

"అప్పుడు తొందర లేదు కదక్కా."

"ఇప్పుడు జరపమని వెళ్లి మీ బావకి చెప్పు. టోపీ పెట్టుకున్నాక నా మాట వినడం మానేశాడు."

"అంతకుముందు వినేవాడా?"

ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నెల మధ్యకు వచ్చేసరికి చెట్ల ఆకులు పసుపుపచ్చగా మారాయి. దాహం వేసిందనుకుని రేపుగారు రెండేసి బకెట్లు పోశాడు. ఆకులు రాలాయి. పాపం, ఇంకా చాలడం లేదనుకుని ఏకంగా మోటారు గొట్టం తెచ్చి కంచె మొదట్లో వదిలేశాడు. అక్కడ బురద తయారైంది. కప్పలు చేరి అరవసాగాయి. చిగురు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

రేపుగారు బావమరిది చొక్కా పట్టుకున్నాడు. "నా చెట్లకి విషం పెట్టావు కదరా!"

"ఇప్పుడు నీవా? మొన్న వాటంతటవే దిగాయన్నావు!"

"నేనిప్పుడే వెళ్లి ఆఫీసరమ్మకి చెబుతాను. రేపు కాదు, ఇప్పుడే!"

ఆ మాట ఆయన నోట విని, కేకలకు పరుగెత్తుకొచ్చిన భార్య కూడా నిలబడిపోయింది. చెప్పినట్టే వెళ్లాడు. దారిలో ఎక్కడా ఆగలేదు.

ఆఫీసరమ్మ వచ్చి మొదటి గుంజ మీద చెయ్యి వేసింది. లాగలేదు, ఊరికే వేసింది. గుంజ గంజిలోంచి గరిటె వచ్చినట్టు పైకి వచ్చింది. వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. వాసనకు అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇన్ని నీళ్లు ఎవరు పోశారు?"

రేపుగారు టోపీ సర్దుకుని ముందుకు వచ్చాడు. "నేనేనండి. మీరు చెప్పింది చాలడం లేదనిపించి, నేను ఇంకాస్త."

"అంతకుముందు మూడేళ్లు ఎలా పోసేవారు?"

"చుక్క పోస్తే ఒట్టండి."

ఆఫీసరమ్మ చాలాసేపు బురదలోకి చూసింది. ఎల్లుండే పై అధికారి వస్తున్నాడు. ప్రహరీ అసలు లేకపోతే ఒక మాట, ఉన్న ఒక్క సజీవ ప్రహరీ తమ సంరక్షణలో చచ్చిపోయిందంటే ఇంకో మాట.

"ఇక్కడ ప్రహరీ ఏదీ లేదు," అంది చివరికి.

"ఉంది కదండీ, ఇదుగో..." అన్నాడు రేపుగారు.

"లేదు," అంది భార్య.

"ఎప్పుడూ లేదు," అన్నాడు బావమరిది. ఆ అక్కాతమ్ముళ్లు ఒక మాట మీద ఉండడం చాలా ఏళ్ల తర్వాత అదే.

"మరి కింద నేలమ్మా?" అంది భార్య.

"ప్రహరీ లేనప్పుడు నేలతో మాకేం పని? రాళ్లు ఎక్కడున్నాయో అదే మీ హద్దు."

"ఆ మాట మా తమ్ముడి మొహం చూసి ఇంకోసారి చెప్పండి."

ఆఫీసరమ్మ చెప్పింది. తమ్ముడు తల ఊపాడు. ఊపడం చాలదని అక్క అంటే, "సరే అక్కా, రాళ్లే హద్దు" అని నోటితో కూడా అన్నాడు.

మర్నాడు ఆఫీసు ట్రాక్టరు, ఆఫీసు మనుషులు వచ్చారు. గుంజలన్నీ పీకి, తీగ చుట్టి, గుంటలు పూడ్చి, మధ్యాహ్నానికల్లా ఏమీ లేనట్టు చేసి వెళ్లారు. రేపుగారు అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. గడ్డపార గుమ్మం దగ్గరే ఉంది. ఏ పని జరగాలని ఆ ఉదయం భార్య అనుకుందో అది జరిగింది, ఆయన చెయ్యి పడకుండా. ఒకప్పుడైతే ఆయనకు ఇంతకంటే సంతోషం ఉండేది కాదు. ఇప్పుడు ఆ సంతోషం రాలేదు.

మేస్త్రి దారం పట్టుకుని మళ్లీ వచ్చాడు. రాళ్ల వెంట వేసే కొత్త కంచెకు రాతి స్తంభాలు బండి మీంచి దించారు. వాటికి వేళ్లు వచ్చే అవకాశం ఉందా అని భార్య రాళ్లబండి వాణ్ణి రెండుసార్లు అడిగింది.

"ఏవయ్యా, స్తంభాలకి గుంటలు తవ్వాలి."

"రేపు," అన్నాడు రేపుగారు నీరసంగా.

ఆవిడ లోపలికి వెళ్లింది. ఆఫీసరమ్మ హడావిడిలో అడగడం మరిచిపోయిన ఆకుపచ్చ టోపీ చిలక్కొయ్యకు వేలాడుతోంది. దాన్ని తెచ్చి, దుమ్ము దులిపి, మొగుడి తలమీద పెట్టింది. ఆయన లేచి గడ్డపార అందుకున్నాడు.

షెడ్డు పూర్తయింది, కోళ్లు వచ్చాయి. మేత వేయడం, తలుపు మూయడం, గుడ్లు ఏరడం, ఊడవడం అన్నీ ఇప్పుడు టోపీ పెట్టుకుని ఆయనే చేస్తాడు. కోళ్లకు నీళ్లు పెట్టడం మాత్రం ఆవిడ ఆయనకు అప్పగించలేదు.

రాసింది: కుట్టుమిషను పిన్ని. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురింట్లో, పెరటి వైపు గదిలో.