హ్యాండిల్ బిగిస్తే చాలు

ఆ ఉదయం సైకిల్ మేస్త్రీకి ఉన్న పని ఒక్కటే. మ్యూజియంలో తాత్కాలిక ఉద్యోగం చేస్తున్న అల్లుడు దుప్పట్లో చుట్టి తెచ్చిన చెక్క సైకిల్‌కి హ్యాండిల్ బిగించాలి. రెండొందల ఏళ్ళ నాటిదట. మర్నాడే ప్రదర్శన.

"హ్యాండిల్ బిగిస్తే చాలు మామయ్యా. దీనికేమన్నా అయితే నా ఉద్యోగం ఊడుతుంది," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

మేస్త్రీ దాని చుట్టూ ఓసారి తిరిగాడు. పెడళ్ళు లేవు! నలభై ఏళ్ళలో పెడళ్ళు లేని సైకిల్ని ఆయన కొట్టు దాటనిచ్చింది లేదు.

"ఎవడో ఊడబీక్కుపోయాడే పాపం," అన్నాడు భార్యతో.

"కాళ్ళతో నేలను తన్నుకుంటూ నడిపేదేమోనండీ. ఊరకున్నంత ఉత్తమం లేదన్నారు. ఊరుకోండి," అందావిడ.

ఆయన ఊరుకుంటేగా! ముందు చక్రానికి పెడళ్ళు తగిలించాడు. తొక్కితే నత్తనడక. చక్రం పెద్దదైతే వేగం వస్తుందని గుండెల ఎత్తు చక్రం వేశాడు. వేగం వచ్చింది, ఆయన వీధిలో బోర్లా పడ్డాడు. తప్పు ఎత్తుదేనని తేల్చి, మళ్ళీ చిన్న చక్రం వేసి, పెడళ్ళు మధ్యకి మార్చి, వెనక చక్రానికి గొలుసు తగిలించాడు. నడుం అదిరిపోతుంటే గాలి టైర్లు తొడిగాడు. మధ్యాహ్నానికి చెక్క దూలం, హ్యాండిల్ తప్ప పాతదేదీ మిగల్లేదు.

అల్లుడు వచ్చి చూశాడు.

"నా కొంప ముంచారు మామయ్యా!" అంటూ అక్కడే కూలబడ్డాడు.

తాను చేసిందేమిటో మేస్త్రీకి అప్పుడు తెలిసొచ్చింది. కూతురి మొహం కళ్ళముందు మెదిలి, నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో అల్లుణ్ణి వెతుక్కుంటూ మ్యూజియం అధికారి వచ్చాడు. సైకిల్ని, పక్కన విప్పి పడేసిన పెద్ద చక్రాన్ని చాలాసేపు గంభీరంగా చూశాడు.

"తప్పంతా నాదేనండీ. అబ్బాయి పొట్ట కొట్టకండి," అన్నాడు మేస్త్రీ చేతులు జోడించి.

"అసలుది నా గదిలో భద్రంగా ఉంది. ఇది మా వడ్రంగి చేసిన నమూనా," అన్నాడు అధికారి. "పెడళ్ళ నుంచి గాలి టైర్ల దాకా లోకం డెబ్భై ఏళ్ళు కిందామీదా పడి నేర్చుకున్నది మీరు ఒక్క పూటలో నేర్చుకున్నారు! రేపు దీన్నే గుమ్మంలో పెడదాం. మీ అల్లుడి ఉద్యోగం కూడా ఖాయం చేయిస్తాను. ఏదీ, నన్నోసారి తొక్కనివ్వండి."

వీధి చివరిదాకా దర్జాగా వెళ్ళాడు. మలుపు తిప్పబోతే హ్యాండిల్ ఆయన చేతుల్లోకి వచ్చేసింది. సైకిల్ తిన్నగా కాలువలోకి దిగింది, ఆయనతో సహా.

"మామయ్యా, హ్యాండిల్ బిగించారా?" అన్నాడు అల్లుడు నీరసంగా.

"అదొక్కటే మిగిలింది అల్లుడూ," అన్నాడు మేస్త్రీ.