పాతికలక్షల ఏళ్ల పాత ఫొటో

మనిషి చేసిన ఏ పనికైనా విలువ రావాలంటే దానిమీద గుండ్రటి ముద్ర పడాలి. ఈ నియమం నుంచి ఆకాశానికి కూడా మినహాయింపు లేదు.

మా బావ పళ్ల డాక్టరు. (పగలు పేషెంట్లకు చుక్కలు చూపించి, రాత్రి తాను చూసుకుంటాడని మా అక్క అంటుంది.) అపార్ట్‌మెంట్ డాబామీద చిమ్మచీకట్లో టెలిస్కోపు పెట్టి, ఒకే గెలాక్సీని వందలసార్లు తీసి, అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక్క ఫొటో చేస్తాడు. ఆ డాబాకే ఎసరు పెట్టింది నివాసుల సంఘం. గుర్తింపు పొందిన కళాకారులకైతే సరే, లేదంటే ఆ చోటు బట్టలారేసే తీగలకు కేటాయిస్తామని తీర్మానించింది. బావకు ప్రాణం పోయినంత పనైంది. పరుగున వెళ్లి కళల గుర్తింపు కార్యాలయం మెట్లెక్కాడు.

అక్కడి పరిశీలనాధికారిణి మర్యాదస్తురాలు. ఫొటో చూసి ముచ్చటపడ్డారు. తరువాత కింది వివరణ చదివారు. ఈ వెలుగు గెలాక్సీ నుంచి బయల్దేరి పాతికలక్షల ఏళ్లయిందని బావ గొప్పగా రాసుకున్నాడు. (అడక్కుండా చెప్పి ఇరుక్కోవడం ఆయనకు అలవాటే.)

"ఆర్నెల్ల లోపు ఫొటోలే తీసుకుంటామండీ. ఇది బాగా పాతది."

"తీసింది పోయిన వారమేనండీ."

"తీయడం పోయిన వారమే. అందులో ఉన్నది ఇప్పటి ముఖం కాదుగా?"

శాస్త్రప్రకారం ఆవిడ మాట నిజం. బావకు ఒళ్లు మండింది అందుకే.

అపీలు చేశాడు. అపీళ్ల సంఘం సానుభూతితో ఆలోచించింది. వయసు మీరి, కదల్లేక, కార్యాలయానికి స్వయంగా రాలేని వృద్ధులు పాత ఫొటో ఇవ్వవచ్చనే సడలింపు ఒకటుంది. గెలాక్సీని ఆ సడలింపు కింద చేర్చి గుర్తింపు మంజూరు చేశారు. (దగ్గరి బంధువుగా బావ సంతకం పెట్టాడు.) ముద్ర పడిన కాగితం పట్టుకుని ఆయన పసిపిల్లాడిలా మురిసిపోయాడు.

మర్నాడే కార్యాలయం మనుషులొచ్చి డాబామీద 'గుర్తింపు పొందిన కళాస్థలం' అని బోర్డు పెట్టారు. గుర్తింపు పొందిన చోటు రాత్రంతా జనానికి స్పష్టంగా కనబడాలట. బోర్డుకు అటొకటి ఇటొకటి పెద్ద దీపాలు బిగించారు.

బావ బోర్డు చుట్టూ తిరిగి వెతికి అడిగాడు. "స్విచ్చి ఎక్కడుందండీ?"

"ఆర్పితే గుర్తింపు రద్దవుతుంది సార్."

డాబా ఇప్పుడు పూర్తిగా బావదే. నివాసుల సంఘం వేలు పెట్టడానికి లేదు. అక్కడ మా అక్క బట్టలారేస్తోంది. దీపాల వేడికి తొందరగా ఆరుతున్నాయట.